పడవ పగిలిన బొమ్మ ముందు పది నిమిషాలు

శిక్షణ తరగతుల్లో నేను "మేనరిజం" అని బోర్డు మీద రాసి, ఇదంటే ఏంటని అడుగుతుంటాను. నెల్లూరులో అడిగినా కావలిలో అడిగినా జవాబు ఒకటే. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, చేతిలో లేని సిగరెట్టును గాల్లోకి ఎగరేసి పెదాలతో అందుకుంటాడు. రజనీకాంత్! హాలంతా ఈలలు. అది తప్పు జవాబని నేనెప్పుడూ అనలేదు. ఇటలీవాళ్ల "మానియెరా" అనే మాటకు ఇదీ చుట్టమే. తవ్వుకుంటూ పోతే ఆ మాట అడుగున "చెయ్యి" ఉంటుంది. మన భాషలో చేతివాటం అనుకోవచ్చు. (చేతివాటానికి మన దగ్గర ఇంకో అర్థం కూడా ఉంది కాబట్టి బ్యాంకు ఉద్యోగుల తరగతుల్లో ఈ అనువాదం మానేశాను.)

రాఫెల్ 1520లో పోయాడు. అప్పటికే ఒళ్లు, ముఖం, గుడ్డ మడత, దూరం, వెలుతురు ఎలా గీయాలో ఆయన తరం తేల్చి పెట్టేసింది. తర్వాత వచ్చినవాళ్లకు ఏం మిగిలింది? సిగరెట్టు కాల్చడం ఎవడికైనా వచ్చు, ఎగరేసి పట్టుకుంటేనే గదా ఈల. వాళ్లూ ఆ పనే చేశారు. మెడలు సాగదీశారు, నడుములు మెలి తిప్పారు, పాము పడగెత్తినట్టు మెలికతో పైకి లేచే ఒళ్లు గీశారు. పార్మిజానినో వేసిన మేరీమాత చిత్రానికి "పొడుగు మెడ మాత" అనే పేరు స్థిరపడిపోయింది. ఆ శతాబ్దం చివరిదాకా యూరప్‌లో నడిచిన ఈ పోకడ పేరే మేనరిజం. అందులోని ఒక అచ్చుబొమ్మ చుట్టూ ఈ అధ్యాయమంతా తిరుగుతుంది.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఇటలీ బొమ్మేంటని మీరు అడగొచ్చు. దానికి జవాబు మా అన్న రొయ్యల గుంటల దగ్గర ఉంది.

మా అన్నకు అల్లూరు వైపు గుంటలున్నాయి. కొన్నేళ్ల కిందట పొలం పంపకం గురించి ఆయనకు పొడుగాటి మెసేజి పెట్టాను. నాలుగుసార్లు దిద్ది, మర్యాద తగ్గకుండా, నా వాటా మాట కూడా తగ్గకుండా రాశాను. పొద్దున లేచి చూస్తే జవాబు వచ్చి ఉంది. "సరే." అంతే. ఆ రెండక్షరాలు పట్టుకొని నేను చెయ్యని పరిశోధన లేదు. కోపమా, ఎగతాళా, వదిన పక్కనుండి చెప్పించిందా? పది రోజులు ఫోను చెయ్యలేదు. పదకొండో రోజు అమ్మ చెప్పింది. ఆ రాత్రి గుంటల దగ్గర కరెంటు పోయిందట, జనరేటరు మొరాయించిందట. ఏరేటర్లు ఆగితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, తెల్లారేలోపు రొయ్య తేలిపోతుంది. అన్న మోకాలు లోతు నీళ్లలో నిలబడి ఒక చేత్తో టార్చి పట్టుకొని, రెండో చేతి బొటనవేలితో "సరే" కొట్టాడు. మెసేజి కింద టైము ఉంది. రెండూ పది. అది పదకొండు రోజులుగా నా ఫోనులోనే ఉంది. నేను మాటకు అర్థం వెతికానుగానీ, మాట ఏ వేళకి, ఎంత పొడుగున, ఎలా వచ్చిందో చూడలేదు.

ఆ పొరపాటు మళ్లీ చెయ్యకుండా కంటికి అలవాటు నేర్పాలనుకున్నప్పుడు నాకు దొరికిన సాధనం ఈ బొమ్మ.

చెక్కినవాడి పేరు జోర్జో గిసి. మాంటువా ఊరివాడు. రాఫెల్ పోయిన ఏడాదే ఇతను పుట్టాడని చెబుతారు. బొమ్మ మీద వేసిన ఏడాది 1561. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దగ్గర దీని ప్రతి ఉంది. నెట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది, ఫోనులో వేలితో పెద్దది చేసుకుంటూ చూడొచ్చు. దీనికి పేర్లు చాలా ఉన్నాయి. కొందరు "జీవితానికి అన్యాపదేశం" అన్నారు, కొందరు "రాఫెల్ కల" అన్నారు, ఇంకెవరో మైకెలాంజెలో దిగులును కూడా దీనికి తగిలించారు. రాఫెల్ ఊహించిన బొమ్మ అని రాగి రేకు మీదే రాసి ఉన్నా పండితులు ఆ మాట అంత తేలిగ్గా నమ్మడం లేదు. ఇన్ని పేర్లు పడ్డాయంటే ఇది ఎవరి గుప్పిటకూ పూర్తిగా చిక్కలేదన్నమాట. మనక్కావలసింది సరిగ్గా అలాంటిదే.

అన్యాపదేశం అంటే ఒకటి చూపించి ఇంకొకటి చెప్పడం. కూతుర్ని తిడుతున్నట్టు కోడలికి వినిపించే అత్తగారు అందులో ఆరితేరిన మనిషి. మన ఇళ్లల్లో పెరిగినవాళ్లకు ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు. మనకున్న ఇబ్బంది ఎదురుది. ప్రతి మాటలోనూ "ఇది నన్నే అంది" అని వెతుక్కుంటాం.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఫోనులో పది నిమిషాలకు అలారం పెట్టుకోండి. బొమ్మలో ఏమేం ఉన్నాయో రాయండి, ఒక షరతు మీద. విశేషణాలు రాయకూడదు. "భయంకరమైన", "దివ్యమైన", "పాపం" లాంటి మాటలు నిషిద్ధం. వస్తువు, అది చేస్తున్న పని, అంతవరకే. ఎడమపక్క గడ్డం మనిషి. ఎండిన చెట్టు మానుకు ఆనుకొని ఉన్నాడు. పగిలిన పడవ. రాళ్లు. కింద నీళ్లు, నీళ్లలో జీవాలు. పైన చీకట్లో గబ్బిలాలు, గుడ్లగూబలు. కుడిపక్క ఒక స్త్రీ, చేతిలో ఈటె. ఆమె వెనక ఆకులున్న చెట్లు. దూరంగా వెలుతురు.

మొదటి రెండు నిమిషాల్లోనే అందరికీ విసుగొస్తుంది. "అర్థమైంది సార్, ముసలాయన నిరాశ, ఆమె ఆశ" అని పెన్ను పక్కన పెట్టేస్తారు. పెన్ను మళ్లీ తీసుకోమంటాను. ఒకసారి మైపాడు వైపు నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాడు, చేపలు పట్టే ఇంటివాడు, ఆరో నిమిషంలో చెయ్యెత్తాడు. "ఆమె నడిచొచ్చినట్టుండాది సార్. పడవ లేదు. అంటే అటు పక్క నేలుండాది, దారుండాది." గదిలో నలభై మందిమి ఉన్నాం, నాతో కలిపి. ఆశ అనీ, దేవత అనీ, జ్ఞానం అనీ రాసుకున్నాం. ఆమె పాదాలను ఒక్కడే చూశాడు.

నా ఉద్దేశంలో అర్థం బొమ్మ వెనకెక్కడో దాక్కొని ఉండదు. అది నిలబడ్డ తీరులోనే ఉంటుంది. అందుకే ప్రతీకల నిఘంటువు కంటే ముందు ఒంటిని చూడమంటాను. గుడ్లగూబ దేనికి గుర్తు, ఎండు మాను దేనికి గుర్తు అని గూగుల్ చెయ్యడం తర్వాతైనా చెయ్యొచ్చు. ముసలాయన బరువు ఎటుంది? చెట్టు మీద. ఆమె బరువు? తన కాళ్ల మీద, అదీ కదులుతున్న కాళ్ల మీద. కూచిపూడి చూసిన కళ్లకు ఇది కొత్త కాదు. మెడ, నడుము, మోకాలు మూడు చోట్ల వంగితే త్రిభంగి. నర్తకి నోరు విప్పకముందే ఆ వంపు సగం కథ చెప్పేస్తుంది. మేనరిస్టులు మెలికను అంతదాకా లాగింది ఇందుకే, ఒళ్లే మాట్లాడాలని. మీ ఎదురుగా కూర్చున్న ఉద్యోగి "ఏం ఇబ్బంది లేదండి" అన్నప్పుడు ఆ మాట రాసుకోండి, పక్కనే అతని బరువు కుర్చీ మీదుందా, కుర్చీ అంచు మీదుందా అనేది కూడా రాసుకోండి. అక్కడితో ఆగండి. అంచు మీద కూర్చున్నాడు కాబట్టి అబద్ధమాడుతున్నాడని తేల్చే బాడీ లాంగ్వేజ్ పుస్తకాలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి నేనే రాశాను, ఇప్పుడు దాన్ని ఎవరికీ ఇవ్వడం లేదు.

రెండో అభ్యాసానికి బొమ్మ ఎలా తయారైందో కాస్త తెలియాలి. నున్నటి రాగి రేకు మీద సన్నటి ఉలితో గీతలు తవ్వుతారు. తవ్విన గాడుల్లో సిరా నింపి, పైపైన తుడిచేసి, తడి కాగితం పరిచి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. గాడిలోని సిరాను కాగితం పీల్చుకుంటుంది. దీంట్లో రెండు విశేషాలున్నాయి. ఒకటి, కాగితం మీద ఎడమ పక్కది రేకు మీద కుడి పక్కన ఉంటుంది. గిసి ఈ ముసలాయన్ని తన కుడి చేతి వైపు చెక్కుకున్నాడు. మీ ఫోను గ్యాలరీలో బొమ్మను అడ్డంగా తిప్పే బటన్ ఉంటుంది, నొక్కి చూడండి. ఎడమ నుంచి కుడికి చదివే మన కంటికి కథ మారిపోతుంది. అచ్చులో మనం చీకట్లోంచి మొదలై వెలుతురుకు చేరుతున్నాం. తిప్పితే ఆమె దగ్గర మొదలై శిథిలాల దగ్గర ఆగిపోతాం. ఒక్క వస్తువూ మారలేదు, వరస మారింది. ఇంట్లో గొడవను మీరు చెప్పేటప్పుడు ఎక్కడ మొదలుపెడతారో, అవతలివాళ్లు ఎక్కడ మొదలుపెడతారో పక్కపక్కన రాసి చూస్తే ఈ బటన్ ఏం చేస్తుందో తెలుస్తుంది.

రెండో విశేషం నాకు మరీ ఇష్టం. ఈ పద్ధతిలో వెలుతురును ఎవరూ గీయలేరు. తెలుపంటే ఉలి తగలని చోటు. గుహలోని చీకటి, రాళ్ల మొరటుతనం, నీళ్ల సుడులు, వీటన్నిటికీ గంటలకొద్దీ గీతల మీద గీతలు అడ్డంగా తవ్వాడు. దూరాన తెల్లారుతున్న ఆకాశానికి చెయ్యి ఆపుకున్నాడు. ఫోనులో ఆ రెండు చోట్లనూ పెద్దవి చేసి చూడండి. గీతలు దట్టంగా ఉన్నచోట మీ చూపు ఎంతసేపు ఇరుక్కుందో గమనించండి.

ఇదే శతాబ్దంలో మన వైపు ఏం జరుగుతోందని కొందరు అడుగుతారు. అచ్యుతదేవరాయల కాలంలో లేపాక్షి గుడి రూపుదిద్దుకుంటోంది. అక్కడ ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు శిల్పం ఉంది. అరచేత్తో రెండు తలలు మూస్తే ఒక భంగిమ కనిపిస్తుంది, చెయ్యి జరిపితే ఇంకొకటి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఫొటో తీసుకొని వెళ్లిపోతారు, పిల్లలు మాత్రం చేత్తో మూసి మూసి చూస్తారు. మీరు గిసి బొమ్మకూ ఇదే చెయ్యండి. ఆమెను వేలితో మూసేయండి. అప్పుడు ముసలాయన ఎదురు చూస్తున్నట్టున్నాడా, అలసి ఆగినట్టున్నాడా? ఇప్పుడు ఆయన్ని మూసేయండి. ఆమె సాయానికి వస్తోందా, వేటకు వెళుతోందా? ఈటె ఉన్నచోట ఈ ప్రశ్న తప్పదు.

ఇక రాతల సంగతి. ఈ బొమ్మలో రెండు లాటిన్ వాక్యాలున్నాయి. రెండూ వర్జిల్ మహాకావ్యం "ఈనియడ్" ఆరో సర్గలోవే. ముసలాయన వైపున్నది పాతాళంలో శిక్ష పడ్డ ఒక అభాగ్యుడు శాశ్వతంగా కూర్చునే ఉంటాడని చెబుతుంది. ఆమె వైపున్నది కష్టాలకు తల వంచొద్దని, ఇంకా తెగువతో ఎదురెళ్లమని. ఇవి నేను తరగతిలో చివరిదాకా చెప్పను. చెప్పగానే అందరి ముఖాల్లోనూ "హమ్మయ్య, ఇదన్నమాట అర్థం" అనే నిశ్చింత కనిపిస్తుంది, పుస్తకాలు మూసేస్తారు. అప్పుడు ఒక్కటే అడుగుతాను. రాతలో ఉన్నవాడు కూర్చున్నాడు, మరి బొమ్మలో ఉన్నవాడో? నిలబడి ఉన్నాడు. ఆనుకొనైనా సరే, నిలబడే ఉన్నాడు. చెక్కినవాడికి కూర్చున్న మనిషిని చెక్కడం రాక కాదు గదా. రాసిన మాటకూ నిలబెట్టిన ఒంటికీ మధ్య ఆ జానెడు ఖాళీలో నాకు ఈ బొమ్మ మొత్తం కనిపిస్తుంది. శిక్ష రాసిపెట్టి ఉంది, మనిషి ఇంకా దాంట్లో కూలబడలేదు. ఇది నా చదువు. మీకు ఇంకొకటి తోచొచ్చు. తోచినదానికి బొమ్మలో ఒక చోటు వేలితో చూపించగలిగితే చాలు.

చూపించలేనిదాన్ని మాత్రం ఒప్పుకోను. "ఎవరికి తోచింది వాళ్ల అర్థం" అనే ఉదారత మా తరగతిలో చెల్లదు.

మన తీరంలో పెరిగినవాళ్లకు ఒక తేడా బాగా తెలియాలి. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే టీవీ అడుగున అక్షరాలు పరిగెడతాయి, కృష్ణపట్నం ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అని. ఓడరేవుల్లో పగలైతే శంకువులు, పీపాల్లాంటి ఆకారాలు కర్రకు ఎగరేస్తారు, రాత్రయితే ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. ఒకటో నంబరంటే ఎక్కడో దూరాన సముద్రంలో వాయుగుండం పుట్టింది. పదో నంబరంటే పెద్ద ప్రమాదం మీదికొచ్చింది. అన్నిటికన్నా నన్ను వణికించేది పదకొండు. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవాళ్లను అడగండి, ఆ పదకొండు ఎలా ఉంటుందో చెబుతారు. ఈ సంకేతాలకు ఒక్కోదానికి ఒక్కటే అర్థం, అదీ ముందే ఒప్పుకున్న అర్థం. పదో నంబరు ఎగరేసినప్పుడు "నా ఉద్దేశంలో ఇది ఆశకు ప్రతీక" అనేవాడు పడవతో సహా పోతాడు. గిసి బొమ్మ అలాంటిది కాదు. జీవితంలో తగిలేవాటిలో కొన్ని జెండాలు, కొన్ని బొమ్మలు. డాక్టరు రాసిచ్చిన రిపోర్టులో అంకె జెండా, దాన్ని వ్యాఖ్యానించకండి. ఆ రిపోర్టు ఇస్తూ ఆయన ఆగిన ఆ క్షణం మాత్రం బొమ్మే. మనం తరచూ జెండాను బొమ్మలా సాగదీస్తాం, బొమ్మను జెండాలా ఒక్క మాటతో చుట్టేస్తాం. నేను "సరే"ను చూసి చేసింది రెండోది.

కాళ్లకు పని చెప్పే ఓపిక ఉంటే ఈ రెండూ కలిసే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. తడ దాటి, పొన్నేరి మీదుగా పులికాట్ వెళ్లండి. మన పెద్దలు ప్రళయకావేరి అన్న సరస్సు కిందికొసన ఉన్న ఊరు. ఇప్పుడది తమిళనాడులో ఉన్నా బజారులో తెలుగు వినబడుతుంది. డచ్చివాళ్లు 1613లో అక్కడ గెల్‌డ్రియా కోట కట్టి ఈ తీరపు బట్టల వ్యాపారం చేశారు. వాళ్ల శ్మశానం మిగిలింది, పురావస్తు శాఖ కాపలాలో ఉంది. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు, ఇసుక గడియారం. ఆ గుర్తులు వాళ్ల దేశంలో అచ్చుబొమ్మల ద్వారా ఇంటింటికీ తెలిసినవి. హార్లెం ఊరి హెండ్రిక్ గోల్ట్‌జియస్ పేరుతో 1594లో వచ్చిన ఒక అచ్చుబొమ్మలో చిన్న పిల్లాడు పుర్రెకు ఆనుకొని సబ్బు బుడగలు ఊదుతుంటాడు. నీటిబుడగ బతుకని చిన్నప్పటి నుంచి విన్న మనకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అయినా ఆగి చూడండి. పిల్లాడు పుర్రె మీద ఎంత తీరిగ్గా ఒరిగాడో, ఇంట్లో దిండు మీద ఒరిగినట్టు! పులికాట్ రాతి ఎముకల దగ్గర కూడా అదే పని చెయ్యండి. చావును గుర్తు చెయ్యడానికి చెక్కారని అందరికీ తెలుసు. అవి ఎలా నిలబడ్డాయి, ఏ కాలు ముందుకుంది, ఉప్పుగాలి ఏ పక్క ఎక్కువ తినేసింది, అది రాసుకు రండి.

ఈ గోల్ట్‌జియస్ చిన్నతనంలో నిప్పుల్లో పడి కుడి చెయ్యి కాల్చుకున్నాడు. ఆ చేతి వేళ్లు సరిగా చాచలేకపోయినా యూరప్‌లో పేరుమోసిన చెక్కుడు పనివాడయ్యాడు. ఇలాంటి పుస్తకంలో ఈ కథ ఎక్కడో ఒకచోట రావాలి కాబట్టి చెప్పాను. నాకు మాత్రం ఆ విజయగాథ కంటే ఆయన 1588లో తన కుడి చెయ్యినే గీసుకున్న చిత్రం మీద మక్కువ. వేళ్లు మెలి తిరిగి ఉంటాయి. చూస్తే మేనరిజం కోసం గీసినట్టుంటుంది, కానీ అక్కడున్నది ఆ చెయ్యే.

రోజుకు పది నిమిషాలు, వారానికి ఒకే బొమ్మ. ఇరవై బొమ్మలు చూడాలన్న ఆత్రం వద్దు. మొదటి రోజు వస్తువులు, తర్వాత బరువులు, ఒక రోజు తిప్పి, ఒక రోజు మూసి, రాతలుంటే ఆఖర్న. ఏడో రోజు ఇంట్లో ఎవరికైనా చూపించి, మీరేమీ చెప్పకుండా వాళ్లేం చూస్తారో వినండి. ఈ ఏడో రోజు పని నేను చాలాకాలం ఎగ్గొట్టాను. నేర్పేవాడిని గదా, నాకెందుకనుకున్నాను.

కిందటి వేసవిలో మా అన్నకు పంపాను. ఏమీ రాయలేదు, బొమ్మ ఒక్కటే. జవాబు పొద్దున ఆరూ ఇరవైకి వచ్చింది. ఈసారి టైము ముందు చూశాను. మేత వేసి, గట్టు మీద టీ తాగే వేళ.

"అబ్బయ్యా, పడవ ఆ ముసలాయందేనని యాడ రాసుండాది?"

బొమ్మ మళ్లీ తెరిచాను. మూడేళ్లుగా చూపిస్తున్న బొమ్మ. గడ్డం మనిషి, మాను, రాళ్లు. పడవ.

ఎక్కడా రాసి లేదు.